ఎనిమిది బారల గుడ్డ

లంక 61వ ఏడు, ఆరో నెల, 9వ తేదీ

ఈ రోజు నుంచి లంక దినచర్య నేను రాస్తున్నాను. ఇంతవరకు రాసినవాడు నా మనవడు చలపతి. గుమ్మటం కుట్టుపనికి మనుషులు చాలక, లంకను నడిపే సరంగు అబ్బులు వాణ్ణి పైకి పంపాడు. పుస్తకం నా చేతికి వచ్చింది. నలభై ఏళ్ళు ఇక్కడి పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని కనుక నేనైతే తప్పులు లేకుండా రాస్తానని సరంగు నమ్మకం.

చలపతి రాసిన పుటలు తిరగేశాను. నెల పొడవునా "గాలి మామూలే" అని ఉంది. ఒకచోట "వంగ మొక్క పూసింది" అని ఉంది. లోతు ముల్లు ఎక్కడుందో చాలా రోజులు రాయనే లేదు. ఇదేం రాతరా అని అడిగితే నవ్వాడు.

"నువ్వు రాస్తే ఎవరూ చదవరు మామ్మా. చివర్న మార్కులేస్తావని భయం," అన్నాడు.

అయినా రాస్తాను. వేరే లంక ఏదైనా ఇంకా తేలుతూ ఉంటే, వాళ్ళ కోసం ఈ పుటలను రేడియోలో చదువుతామని సరంగు అన్నాడు. నాలుగేళ్ళుగా ఏ లంకా పలకలేదు. వినేవారు ఎక్కడివారో తెలియదు కాబట్టి మా సంగతి క్లుప్తంగా చెబుతాను. గరిమ అనే ఈ గ్రహానికి నేల లేదు. పైన మబ్బు, కింద మబ్బు, ఆ కింద ఇంకా దట్టమైన మబ్బు. దిగుతున్నకొద్దీ వేడి, ఒత్తిడి పెరుగుతాయి. మనిషి బతకగలిగిన పొర ఒకటే ఉంది. అందులో మా ఊరు ఒక పెద్ద గుమ్మటం కింద వేలాడుతుంది. గోదావరి నడుమ ఇసుక మేటల మీద బతికిన మా పూర్వీకులు దీనికి లంక అని పేరు పెట్టుకున్నారు. గుమ్మటంలోని వాయువును కుంపటి వేడి చేస్తుంది. ఆ వేడి ఉన్నంతకాలం తేలుతాం. కుంపటి అంటే మేం ముద్దుగా పిలిచే పేరే. దాని లోపల ఏముందో తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు.

ఇక్కడ పొద్దు పొడిచి గుంకడానికి, మళ్ళీ పొడవడానికి పది గంటలు చాలు. రెండు పొద్దులను కలిపి ఒక రోజుగా లెక్కవేస్తాం.

ముల్లు ఈ రోజు దిగకూడని హద్దు చూపే ఎర్రగీతకు వేలెడు కింద ఉంది. పూర్వం తుఫాను తోసినప్పుడు దిగి, మళ్ళీ లేచేది. ఈసారి తుఫాను లేదు.


10వ తేదీ

నీటి వలలు విదిల్చాము. ఒకటిన్నర బిందె వచ్చింది. ఈ లోతులో మబ్బు మురికిగా ఉంటుంది. నీళ్ళను మూడుసార్లు వడగట్టినా అమ్మోనియా వాసన పోలేదు. చలపతి తల్లి, నా కోడలు తాయారు దానితోనే నాచుపిండి తడిపి రొట్టెలు చేసింది. తిన్నాము.

కింది అంతస్తులో ఉక్క పెరిగింది. బడిలో పిల్లలు పలకల మీద మోచేతులు ఆనిస్తే చెమట మరకలు పడుతున్నాయి. తొట్లలో బచ్చలి వడలిపోయింది. మెరుపులు మా పాదాలకన్నా కింద మెరుస్తాయి కాబట్టి పిల్లలకు వాటి భయం లేదు. నిన్నటి నుంచి మాత్రం ఉరుము వినిపించిన ప్రతిసారీ నేలబల్లలు అదురుతున్నాయి. అవి దగ్గరికి రాలేదు, మేమే వాటి దగ్గరికి దిగాము. ఒక పిల్ల ఈ మాట గట్టిగా అడిగింది. అవునని చెప్పాను. తల్లి వచ్చి నాతో తగువు పెట్టుకుంది. చిన్నపిల్లకు అలాంటి మాటలు చెప్పవచ్చా అని.

చలపతి పైనుంచి దిగి కబురు తెచ్చాడు. గుమ్మటం భుజం మీద ఒక పాత కుట్టు విడుతోంది. ముల్లును లేపడానికి సరంగు కుంపటి పెంచుతున్నాడు. పెంచినకొద్దీ ఆ వేడికి కుట్టు ఇంకా విడుతోంది.


12వ తేదీ

పై అంతస్తులో సభ జరిగింది. పెద్దలందరూ వచ్చారు.

చిరుగు నిడివి ఏడు బారలు. అతుకు వేయాలంటే ఎనిమిది బారల గుడ్డ కావాలి. సరిగ్గా ఎనిమిది బారల గుడ్డ ఉంది. అదే ఆఖరిది.

ఈ గుడ్డ ఇక్కడ నేయగలిగినది కాదు. ఓడలో వచ్చిన మొదటివాళ్ళు, గుమ్మటం చిరిగితే అతుకు వేసుకోవడానికి చుట్టలు చుట్టలుగా తెచ్చుకున్నారు. మొదటి ఏట ఒక పసిపాప పోయింది. తల్లి ఆ బిడ్డను కిందికి వదలనని పట్టుపట్టింది. గుడ్డ అప్పుడు కొట్టు నిండా ఉంది. దానిలో ఒక ముక్కను పాప చుట్టూ చిన్న గుమ్మటంలా కుట్టి, వేడి వాయువు నింపి పైకి వదిలారు. అందరూ తలలెత్తి చూశారు. మబ్బులో కలిసేదాకా చూశారు. ఆ తరువాత పోయిన ఎవరినీ కిందికి వదలడానికి ఎవరికీ మనసు రాలేదు. మనిషికి ఎనిమిది బారలు. అరవై ఏళ్ళు. గుమ్మటానికి చిరుగు పడినప్పుడల్లా పోయినవారి గుడ్డను ముట్టుకోకుండా, గుమ్మటం అంచునే కొంచెం కొంచెం కోసి అతుకు వేస్తూ వచ్చారు. కోయడానికి ఇప్పుడు అంచు కూడా లేదు.

ఉన్న గుడ్డను చిరుగుకు వేయండి అని నేను అన్నాను. సరంగు అబ్బులు నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. రేపు ఎవరైనా పోతే ఏం చేస్తామని వెనకనుంచి ఒకావిడ అడిగింది. రేపు అందరం పోతే ఆ గుడ్డ ఎవరికి చుడతారని నేను అడిగాను. పెద్దావిడ నోట రాకూడని మాట వచ్చిందని గొణిగారు.

అప్పుడు చలపతి లేచాడు. చిరుగు అంచులు దగ్గరికి లాగి, అతుకు లేకుండానే కుట్టగలనన్నాడు. సభ ఊపిరి పీల్చుకుంది. ఒప్పేసుకున్నారు.

ఇంటికి వచ్చాక వాణ్ణి అడిగాను, నిజంగా కుట్టగలవా అని. "కుడితే నిలుస్తాది మామ్మా, నిలవకపోతే మళ్ళీ కుడతా," అన్నాడు. వాళ్ళమ్మ సూదికి మైనం రాసి ఇచ్చింది. లంకలో కుట్టుపని అందరికన్నా బాగా తెలిసినది తాయారుకే. వాడికి నేర్పింది కూడా ఆవిడే. మోకాళ్ళు పట్టేసి నాలుగేళ్ళుగా పైకి ఎక్కడం లేదు.


13వ తేదీ

ఉదయపు పొద్దులో చలపతి గుమ్మటం ఎక్కాడు. తాడు సరంగు పట్టుకున్నాడు. సగం కుట్టు పడింది. అంచులు బిగిసి పక్కన కొత్తగా చిరిగింది. లోపలి వేడి వాయువు వాడి ముఖం మీదికి కొట్టింది. ముసుగు ఊడిపోయింది. ఇక్కడి గాలిలో ప్రాణవాయువు లేదు. లాగి తెచ్చేసరికి ప్రాణం లేదు.

వయసు ఇరవై ఆరు.

ముల్లు ఎర్రగీతకు రెండు వేళ్ళు కింద ఉంది.


14వ తేదీ

ఆచారం ప్రకారం గుడ్డను నిన్ననే మా ఇంటికి తెచ్చి ఇచ్చారు. పోయినవాడి తల్లికో భార్యకో ఇస్తారు. ఆవిడే చుట్టూ కుట్టాలి. ఒకసారి ఆవిడ చేతికి వచ్చిన గుడ్డను తీసుకునే హక్కు లంకలో ఎవరికీ లేదు, సరంగుకు కూడా.

తాయారు రాత్రంతా కుట్టింది. తెల్లవారేసరికి కొడుకు చుట్టూ కచ్చాకుట్టు పూర్తయింది.

చిరుగు పన్నెండు బారలు దాటింది. ఎనిమిది బారలు ఇప్పుడు చాలవు. ఎనిమిది వేసి, మిగిలినదాన్ని మడిచి బిగిస్తే నిలవవచ్చునని మాత్రం అంటున్నారు. కింది అంతస్తులో ఇద్దరు పిల్లలు ఉక్కకు సొమ్మసిల్లారు. పైకి మార్చాము.

సరంగు మా ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు. తాయారుకు వినపడకుండా నాతో అన్నాడు.

"నా నోటితో నేనడగలేనండి మామ్మగారూ. మా నాన్నని ఆ గుడ్డలోనే పంపానండి. ఏ ముఖం పెట్టుకుని అడగమంటారు?"

అయితే నేనే అడుగుతానన్నాను.

లోపలికి వెళ్ళి, తాయారు ఎదురుగా కూర్చుని అడిగాను. చుట్టుతిప్పి చెప్పడం నాకు చేతకాదు. ఆ గుడ్డ చిరుగుకు కావాలి అన్నాను. ఆవిడ సూది ఆపలేదు.

"మీ కొడుక్కి గుడ్డ ఇచ్చారు కదండీ. నా కొడుకు దగ్గరికొచ్చేసరికి లెక్కలు గుర్తొచ్చాయా అత్తయ్యగారూ?"

నా కొడుకు అంటే ఆవిడ భర్త. తొమ్మిదేళ్ళ క్రితం పోయాడు. ఎనిమిది బారలు ఇచ్చారు. నేను వద్దనలేదు. అప్పుడు గుడ్డ ఉంది అన్నాను. అప్పుడూ కొంచెమే ఉందని ఆవిడ అంది. అదీ నిజమే.

తండ్రి పైన ఉన్నాడు, కొడుకును కిందికి పంపితే ఇద్దరూ ఎప్పుడు కలుస్తారని అడిగింది. ఈ మాటకు జవాబు నా దగ్గర చాలా కాలంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కనుక. ఈసారి చెప్పాను. చిన్న గుమ్మటంలో కుంపటి ఉండదు. లోపలి వేడి గంటలో చల్లారిపోతుంది. చల్లారితే దిగుతుంది. పైకి పంపినవాళ్ళెవరూ పైన లేరు. మబ్బులు కమ్మినందువల్ల మనకు కనిపించలేదు, అంతే. నీ భర్తా కిందే ఉన్నాడు, నా భర్తా కిందే ఉన్నాడు, ఆ మొదటి పాపా కిందే ఉంది.

ఆవిడ విరుచుకుపడుతుందనుకున్నాను. సూది పక్కన పెట్టి నా వైపు చూసింది.

"నాకు తెలుసండి. మీ బళ్ళోనే కదండీ చదివాను. వేడి తగ్గితే దిగిపోద్దని మీరే చెప్పారు, ఆరో తరగతిలో. అందరికీ తెలుసు. మీరొక్కరే తెలిసినట్టు మాట్లాడకండి."

తెలిసి కూడానా అన్నాను.

"కనుచూపుమేర పైకెళ్తే చాలండి. మబ్బు దాకా. ఆ తర్వాత ఏమవుద్దో నేను చూడక్కర్లేదు. నేనడుగుతోంది అంతే."

లేచి బయటికి వచ్చాను. నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. పాఠం అందరికీ వచ్చింది. వచ్చినా పని అలాగే జరిగింది.


15వ తేదీ

నిన్నటి మాట తరువాత నేను మళ్ళీ అడగలేదు. మారిందేమిటో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఉదయం ముల్లు ఎర్రగీతకు మూడు వేళ్ళ కిందికి దిగింది. భుజం మీద చిరుగు ఈలవేసినట్టు కూస్తోంది. ఇంట్లో కూర్చున్నా వినపడుతోంది. సరంగు మళ్ళీ వచ్చాడు. ఈసారి గడపలో కూర్చోలేదు. గుడ్డ ఉన్నా లేకపోయినా అంచులు లాగి కుట్టడానికి ఒకణ్ణి పైకి పంపుతున్నానని చెప్పడానికి వచ్చాడు. ఎవరినని తాయారు లోపలినుంచి అడిగింది.

కనకారావును అన్నాడు. నీటి వలల దగ్గర పనిచేసే కుర్రాడు. నిరుడు పెళ్ళయింది. సూది ఎప్పుడూ పట్టలేదు.

"వాడికి కుట్టొచ్చా?"

"రాదండి. వచ్చినవాళ్ళెవరున్నారండి?"

తాయారు కత్తెర అడిగింది. నేను ఇచ్చాను. కొడుకు చుట్టూ వేసిన కుట్లను ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టింది. ఒక చివరనుంచి నేను విప్పుతానని చెయ్యి చాపాను. వద్దంది. గుడ్డకు గాటు పడకుండా, దారం తెగకుండా విప్పింది. దారం కూడా చుట్టి పెట్టుకుంది.

"వాడి చేతిలో పెడితే గుడ్డా పోద్ది, వాడూ పోతాడు," అంది సరంగుతో. "నేనెక్కుతాను. మోకాళ్ళకు గట్టిగా కట్టు కట్టండి."

సరంగు ఏదో అనబోయాడు. మీరు నోరు మూసుకోండి అంది. మా ఇంట్లో ఆవిడ ఆ స్వరంతో మాట్లాడడం నేను మొదటిసారి విన్నాను.

తాడు పట్టుకుంటానని సరంగు ముందుకు వచ్చాడు. ఆవిడ చూసిన చూపుకు వెనక్కి తగ్గాడు. నేను ముందుకు వచ్చాను. నా వైపు చూడనైనా లేదు. తాడు కొసను తనే స్తంభానికి ముడివేసుకుని ఎక్కింది.

గుమ్మటాన్ని చుట్టిన వల తాళ్ళ మీద ఒక్కొక్క మెట్టుకూ ఆగుతూ ఎక్కడం కింది నుంచి చూశాను. ఈ గ్రహం లాగే బరువుకు కుర్రవాళ్ళే రొప్పుతారు. ఆవిడకు యాభై ఒకటి. మబ్బు పట్టినప్పుడు కనిపించలేదు. మబ్బు విడినప్పుడు కనిపించింది. రెండు పొద్దుల పాటు కుట్టింది. ఈల ఆగింది. దిగినప్పుడు రెండు అరచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి. వెన్న లేదు, నాచు గుజ్జు పూశాను. చేతులు ఇచ్చింది, ముఖం పక్కకు తిప్పుకుంది.

ముల్లు ఆగింది. లేవలేదు, ఆగింది.


16వ తేదీ

చలపతిని వదిలాము.

ఎవరికీ చెప్పకపోయినా అందరూ అలవాటు ప్రకారం పై అంతస్తులో గుమిగూడారు. అడుగు తలుపు కింది అంతస్తులో ఉందని మనిషిని పంపి చెప్పించాను. కొందరు వచ్చారు. ఎక్కువమంది రాలేదు. వాడిని వాడి దుప్పటిలోనే చుట్టాము. దుప్పటికి తాయారు నాలుగు కుట్లు వేసింది. అంతకన్నా అవసరం లేదు.

అందరూ ముసుగులు తగిలించుకున్నాక తలుపు తెరిచారు. కిందనుంచి వేడి కొట్టింది. వదిలారు. వచ్చినవాళ్ళందరూ అప్రయత్నంగా తలలు పైకెత్తారు. పైన చెక్క కప్పు తప్ప ఏమీ లేదు. నేనూ ఎత్తాను. తాయారు ఒక్కతే తలుపు అంచు పట్టుకుని కిందికి చూసింది. కనిపించినంతసేపు చూసింది. చాలాసేపు కాదు. అక్కడ మబ్బు గోధుమ రంగులో ఉంటుంది, చాలా దట్టంగా ఉంటుంది.

అప్పుడు ముల్లు వెంట్రుకవాసి పైకి లేచింది. ఇది రాయకూడదనుకున్నాను. లెక్క అన్నాక రాయాలి.


17వ తేదీ

ఈ రోజు స్థితి ఇది. ముల్లు ఎర్రగీతకు మూడు వేళ్ళు కింద నిలకడగా ఉంది. కుంపటిని ఇక పెంచలేరు. పెంచితే తాయారు వేసిన కుట్టు ఆగదు. తగ్గించలేరు, తగ్గిస్తే దిగుతాం. భుజం మీద మరి నాలుగు చోట్ల గుడ్డ పలచబడి వెలుతురు కనిపిస్తోందని తాయారు సరంగుకు చెప్పిందట. నాతో చెప్పలేదు. నాతో ఆవిడ మాట్లాడడం లేదు. రొట్టె నేను పెడితే తినదు, గిన్నెలో పెట్టి పక్కకు వెళ్తే తింటుంది.

పైకి లేవాలంటే బరువు తగ్గించడం తప్ప మార్గం లేదు. లెక్క వేశాను. కింది అంతస్తు మొత్తం కోసి వదిలినా రెండు వేళ్ళే లేస్తాం. మూడో వేలు ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు. రెండుసార్లు సరిచూశాను. లెక్కలో తప్పు లేదు.

ఇక జరగవలసినవి:

1. కింది అంతస్తును కోసి వదిలేయాలి. బడి, తొట్ల తోట, నా గది అందులో పోతాయి. పదకొండు కుటుంబాలు పై అంతస్తులో సర్దుకోవాలి. ఎవరి పక్క ఎక్కడో నేను రాసి ఇస్తాను. తగువులు సరంగు దగ్గరికి కాదు, నా దగ్గరికి తేవాలి.

2. తోట లేకపోతే తిండికి నాచు ఒక్కటే మిగులుతుంది. పిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు ముందు పెట్టాలి. మిగిలినవాళ్ళకు ఒక పూట.

3. పోయినవారికి ఇకమీదట గుడ్డ లేదు. ఎవరికీ లేదు. ఈ మాట సరంగు తన నోటితో చెప్పాలి. నా పేరు వాడుకోకూడదు.

4. అడుగు తలుపు కింది అంతస్తుతో పోతుంది. పై అంతస్తు నేలలో కొత్త తలుపు కోయాలి. ఎవరైనా పోయేదాకా ఆగకుండా ముందే కోయాలి.

5. ఈ పుటలను రోజుకు రెండుసార్లు రేడియోలో చదవాలి. వినేవారి దగ్గర గుమ్మటం గుడ్డ ఇంకా ఉంటే, చనిపోయినవారికి ఇవ్వవద్దని మొదటే చెప్పాలి. జవాబు వస్తుందని నేను అనుకోవడం లేదు. చదవడం మాత్రం ఆపకూడదు.

6. పలచబడిన నాలుగు చోట్లలో రెండింటిని మడిచి కుట్టవచ్చునట. మిగిలిన రెండింటికి వేయడానికి మా దగ్గర ఏమీ లేదు. ఈ సంగతి పిల్లలు అడిగితే అబద్ధం చెప్పకూడదు.

7. ఆ రెండు కుట్లకు తాయారు రేపు మళ్ళీ ఎక్కుతుంది. వేరే ఎవరూ లేరు. తాడును స్తంభానికి కట్టి ఎక్కితే పైన ముసుగు ఊడినా, కాలు జారినా కింద ఎవరికీ తెలియదు. తాడు మనిషి చేతిలో ఉండాలి. నేను పట్టుకుంటానని ఆవిడను అడగాలి. ఇంతవరకు అడగలేదు.